సాక్షి వేసిన తారీఖు

జనవరి 4, 2023. కాదు, 2024. గురువారం

కొత్త డైరీ మొదటి పేజీలోనే పాత సంవత్సరం రాసి కొట్టేశాను. అయితే ఇవాళ్టి అసలు ఆశ్చర్యం అది కాదు. తన చావును కోరుతూ సంతకం పెట్టబోయే మనిషి నన్ను చూడగానే అన్న మాట: బూట్లు బయట విప్పు పిల్లా, ఇక్కడ నేల తుడిచేవాళ్లు లేరు.

పేరు లోర్నా పెట్‌కావ్. యాభై తొమ్మిదేళ్లు. కెనడాలో, ఇదే విన్నిపెగ్‌లో ముప్ఫై ఏళ్లు సిటీ బస్సు నడిపింది. మల్టిపుల్ స్క్లిరోసిస్, నరాలను తినేసే జబ్బు. ఇప్పుడు చక్రాల కుర్చీలో ఉంటుంది, కుడి చెయ్యి కాస్త ఆడుతుంది. డాక్టర్ల సాయంతో చనిపోవడానికి దరఖాస్తు పెట్టుకుంటోంది. దానికి బయటి సాక్షి కావాలి. పద్దెనిమిది నిండి, ఆమె పోతే ఏ లాభమూ రాని మనిషి అయ్యుండాలి. అది నేను. కాలేజీలో చట్టం, నీతి కోర్సు చదువుతూ వాలంటీరుగా చేరాను. ఇదే నా మొదటి సంతకం.

ఆమె తన పేరు రాయడానికి నాలుగు నిమిషాలు పట్టింది. నేను ఒక్క ఊపులో సంతకం చేసి తారీఖు వేశాను. చంపే డాక్టరు టైముకి వస్తాడట, స్నానం చేయించే పిల్ల మాత్రం ఏనాడూ రాదు, అంది. ఇద్దరం నవ్వాం. ఇంటికొచ్చే దారిలో ఆ మాట మళ్లీ అనుకుని చూశాను, ఈసారి నవ్వు రాలేదు.

జనవరి 5

సాక్షులను పంపే కోఆర్డినేటర్ మార్సెల్‌కి ఫోన్ చేసి ఆమె స్నానం గురించి అన్న మాట చెప్పాను. ఇద్దరు డాక్టర్లు ఆమెతో గంటలకొద్దీ మాట్లాడతారమ్మా, అన్నాడు. రాసింది ఆమె చెయ్యేనా, ఎవరైనా పట్టుకుని రాయించారా, మనం చూడాల్సింది అంతే. మనసులోకి తొంగి చూడ్డానికి మన ఫారంలో గడి లేదు, అన్నాడు. విసుక్కోలేదు. మంచివాడే.

ఆమెది ఇప్పట్లో చంపే జబ్బు కాదు. అందుకని డాక్టరు మొదటిసారి పరీక్షించిన రోజు నుంచి తొంభై రోజులు ఆగాలి.

జనవరి 23

చట్టంలో ఒక ముక్క కంఠతా పట్టాను: తనకు సమ్మతమైన రీతిలో తగ్గించలేని బాధ. సమ్మతం. ఎంత బాగుందో మాట. నోట్‌బుక్‌లో మూడుసార్లు రాసుకున్నాను.

ఫిబ్రవరి 11

సాక్షిని మళ్లీ వెళ్లమని ఎవరూ చెప్పలేదు. వెళ్లాను. బయట మైనస్ ముప్ఫై ఒకటి. వేయించిన పొద్దుతిరుగుడు గింజలు పట్టుకెళ్లాను. ఆమె ఒలుచుకోలేదు, నేనే ఒలిచి నోట్లో పెట్టాను.

ఇంటికొచ్చి చూసుకునే హోంకేర్ వాళ్లు వారానికి రెండు స్నానాలు రాసిచ్చారు, ఒకటి చేశారు, ఇప్పుడు అదీ ఎగ్గొడుతున్నారు, అంది. జాయ్‌లిన్‌ని అనకు, స్నానాలు చేయించడానికి ఆ ఒక్క పిల్లకి పదకొండు ఇళ్లు. ఇది చాలకపోతే మూడు గంటల దూరంలో ఏదో ఊళ్లో నర్సింగ్ హోం మంచం ఇస్తారట. అక్కడ నాకు తెలిసిన మొహం ఒక్కటి లేదు, తెలిసిన బస్టాపు ఒక్కటి లేదు, అంది.

రోజూ స్నానం దొరికితే అప్పుడో, అని అడిగాను. చాలాసేపు గింజ నమిలింది. దొరకనిదాని గురించి అడగకు, ఒళ్లు కంపు కొడుతుంటే నీతో వేదాంతం మాట్లాడలేను, అంది.

ఆ డాక్టరు వచ్చేది ఏప్రిల్ 5, శుక్రవారం, పదకొండు గంటలకు. పన్ను పీకించుకునే టైము చెప్పినట్టు చెప్పింది.

ఫిబ్రవరి 12

హోంకేర్ ఆఫీసుకు ఉత్తరం రాశాను. నాలుగు పేజీలు. బాగా వచ్చింది.

మార్చి 8

జవాబు రెండు వాక్యాలు. మనుషుల కొరత ఉంది. మీరు కుటుంబ సభ్యులు కారు కనుక వివరాలు చెప్పలేము.

నా ఉత్తరం నకలు తీసి చూశాను. 'గౌరవం' అనే మాట తొమ్మిదిసార్లు వాడాను. 'స్నానం' రెండుసార్లు.

ఏప్రిల్ 2, మంగళవారం, మధ్యాహ్నం

డైరీ మొదటి పేజీ తిరగేశాను. కొట్టేసిన 2023. ఆ రోజే కదా ఆ ఫారం మీదా తారీఖు వేశాను. అక్కడ కొట్టేసినట్టు నాకు గుర్తు లేదు.

గంటసేపు ఫోన్ ముందు కూర్చున్నాను. ముగ్గురు చూసి పంపిన కాగితం అది. నోరు మూసుకుంటే శుక్రవారం జరిగిపోతుంది. చెబితే ఆమెను మళ్లీ అడగాలి.

చేశాను. మార్సెల్ ఫైలు తీశాడు. 2023 అనే ఉంది, అన్నాడు. తర్వాత, ఆ కాగితం చెల్లదు, అన్నాడు. శుక్రవారంలోపు మళ్లీ సంతకం పెడితే తేదీ మారదు. పెట్టకపోతే శుక్రవారం లేదు. ఆమెతో నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా, అన్నాడు.

ఏప్రిల్ 3

వెళ్లి చెప్పాను. ఓసి పిచ్చిమొహమా, అంది. ముప్ఫై ఏళ్లు ప్రతి జనవరీ పాత పాసు చూపించేవాళ్లని పట్టుకున్నాను, ఆఖరికి నీ చేతిలో నేను దొరికానా, అంది.

కావాలనే వేశావా, అని అడిగింది. కాదన్నాను. మరి వచ్చి చెప్పింది చట్టం కోసమా, నన్ను ఆపడానికా, అంది. తెలియదన్నాను. పోనీలే, అబద్ధం చెప్పలేదు, అంది.

కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. వాకిట్లో మంచు నల్లబడి కరుగుతోంది. గదిలో వాసన నాకూ తెలుస్తోంది. నాకు తెలుస్తోందని ఆమెకూ తెలుసు.

రేపు ఎనిమిదికి ఫారం పట్టుకురా, అంది చివరికి. జాయ్‌లిన్ కూడా ఎనిమిదికే రావాలి, వచ్చి పద్నాలుగు రోజులైంది. ఏ బస్సు ముందొస్తే అదెక్కుతాను.

ఒక్క స్నానంతో ఏం మారుతుంది, అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఏమీ మారదు, అంది. పోయినసారి కంపు కొడుతూ పెట్టాను సంతకం. కడిగిన చెయ్యి ఏం రాస్తుందో చూడాలనుంది.

అదే రోజు, సాయంత్రం

హోంకేర్‌కి ఫోన్ చేశాను. రేపు జాయ్‌లిన్ సెలవు. బదులు ఎవరైనా వస్తారో లేదో నాకు చెప్పరు. నేను కుటుంబం కాను.

ఆమెను ఒక్కదాన్నే ఎత్తగలనో లేదో తెలియదు.

పొద్దున ఏడూ పది బస్సు. సంచి అడుగున ఫారం, పెన్ను. పైన సబ్బు, పెద్ద తువ్వాలు.