నలభై ఐదు శాతం మడి

ట్రాయ్, మిషిగన్
బుధవారం

శ్రీ శేషగిరి గారి సముఖమునకు,
అధ్యక్షులు, ఆలయ కార్యవర్గం.

అయ్యా,

విషయం: వంటశాల సేవకులకు పాలిస్టర్-ఉన్ని కోట్లు కుట్టించు తీర్మానమును రద్దుచేసి కాటన్ బట్టలతో వండనిచ్చుట గురించియు, నన్ను చెప్పుల స్టాండు నుండి వంటశాలకు తిరిగి పంపుట గురించియు.

మన ఆలయ వంటశాలలో శనివారం నైవేద్యాలు వండే సుధ అను నేను సవినయంగా మనవి చేసుకునేది ఏమనగా, ఈ సంగతి నేను ముందు నోటితోనే చెప్పబోయాను. సామగ్రి ఉపసంఘం చూసుకునే ఫణి గారు "రాసివ్వండి ఆంటీ, నోటిమాటకి ట్రాకింగ్ ఉండదు" అన్నారు. నా చదువు హైస్కూలుతో ఆగింది. అక్కడ మాకు అర్జీ రాయడం నేర్పారు గానీ, అది వీధి దీపాల గురించి తహసీల్దారుకు రాసే అర్జీ. కోట్ల గురించి ఎలా రాయాలో నేర్పలేదు. తప్పులుంటే మన్నించగలరు.

1. పోయిన ఉగాది నాడు ఒక భక్తుడు, ఒక పెద్ద దాత గారిని వాలంటీరు అనుకుని మంచినీళ్ళు అడిగాడు. దాత గారు నొచ్చుకున్నారు. ఇటువంటి అపచారం మళ్ళీ జరగకుండా వాలంటీర్లందరికీ యూనిఫారం ఉండాలని కార్యవర్గం తీర్మానించింది. ఆ భక్తుడికి చివరకు నీళ్ళు దొరికాయో లేదో తీర్మానంలో లేదు.

2. బట్ట కోసం ఇండియాలోని ఒక మిల్లు నుంచి మూడు ముక్కలు తెప్పించారు. ఒకటి పాలిస్టర్-విస్కోస్, ఒకటి పాలిస్టర్-కాటన్, ఒకటి పాలిస్టర్-ఉన్ని. ఒకే దారం, ఒకే రంగు, ఎక్కువ పొడవు కొంటేనే నేస్తామని మిల్లువారు అన్నారట. కనుక ముందు హాలులో నిలబడి దాతలకు నమస్కారం పెట్టేవారి కోటుకూ, వెనక గుండిగలు దించేవారి కోటుకూ ఒకే బట్ట కావలసి వచ్చింది.

పరీక్ష కాన్ఫరెన్స్ రూములో జరిగింది. ఒక్కొక్క ముక్కను ఒడిలో వేసుకుని, కుర్చీలో కూర్చుని, లేచి, నలిగిందా లేదా అని చూశారు. పాలిస్టర్-కాటన్ నలిగింది, కాబట్టి తప్పింది. విస్కోస్ కలిసింది బాగానే జారుతోంది గానీ ఫోటో తీసి తెరమీద చూస్తే మెరుస్తోందన్నారు. ఫణి గారి పట్టికలో నలగడానికి ఒక వరుస, రంగు వెలిసిపోవడానికి ఒక వరుస, ఫోటోలో పడే తీరుకు ఒక వరుస ఉన్నాయి. పొయ్యికి వరుస లేదు. నేను టీ ఇవ్వడానికి లోపలికి వచ్చినప్పుడు "మరి పొయ్యి దగ్గర?" అని అడిగాను. "నోటెడ్ ఆంటీ" అన్నారు. టీ తీసుకున్నారు.

3. ఇక మడి. మా వంటశాలలో మడి అంటే ఎవరినీ దూరం పెట్టేది కాదు. స్నానం చేసి, ఉతికి ఆరేసిన బట్ట కట్టుకుని, స్వామి కంటే ముందు ఎవరూ రుచి చూడకుండా వండడం. అంతే. పాలిస్టర్ కట్టుకుని నైవేద్యం వండడం ఎలా అని ఉమామహేశ్వరి వదిన అడిగింది. (ఆవిడ తమ శ్రీమతి అని తమకు తెలియును. అయినను రికార్డు కొరకు రాయుచున్నాను.) అర్చకులవారిని పిలిపించారు. ఆయన, "పట్టు, ఉన్ని అయితే రోజూ తడపకపోయినా మడికి పనికొస్తాయి, ఉన్ని ధావళి కట్టుకోవడం మన ఆచారమే కదా" అన్నారు. ఆయన ఉన్ని అన్నారు. ఉన్ని కలిపినది అనలేదు. హారతి వేళయిందని వెళ్ళిపోయారు. ఆ తరువాత జరిగిన సంభాషణ మినిట్స్‌లో కనిపించలేదు గనుక ఇక్కడ పొందుపరుస్తున్నాను.

"సరిపోయింది సార్, వుల్ బ్లెండ్ తీసుకుందాం. నలభై ఐదు శాతం వుల్," అన్నారు ఫణి గారు.

"సగం కూడా లేదు కదయ్యా," అంది వదిన.

"ఆంటీ, మన టెన్త్‌లో పాస్ మార్కులెంత? ముప్పై ఐదు. నలభై ఐదు వస్తే హ్యాపీగా పాస్."

తమరు నవ్వి, "థర్డ్ క్లాసోయ్ ఫణీ," అన్నారు.

"పాస్ ఈజ్ పాస్ సార్. సర్టిఫికెట్ ఎవరడుగుతారు?"

చేతులెత్తించారు. మడి పాసైంది.

అయ్యా, ఆ గదిలో ఉన్నవారిలో ఎవరూ తమ పిల్లలకు నలభై ఐదు వస్తే ఊరుకునేవారు కారు. స్వామికి మాత్రం చాలునన్నారు.

4. సదరు కోటు లోపల "డ్రైక్లీన్ ఓన్లీ" అని చీటీ ఉన్నది. కనుక మడికోటు ప్రతి ఆదివారం డ్రైక్లీనర్ దగ్గరకు వెళ్ళి, ఊళ్ళోవారి ఆఫీసు కోట్ల నడుమ వేలాడి, ప్లాస్టిక్ కవరులో తిరిగి వచ్చుచున్నది. కవరు విప్పాక మడి ఉన్నట్టా పోయినట్టా అని అడిగితే, ఫణి గారు "కవర్లో ఉన్నంతసేపూ సీల్డ్ ఆంటీ" అన్నారు. కవరుతో సహా వేసుకోవచ్చునా అని నేను అడగలేదు. ఆయన ఆలోచిస్తారని భయపడ్డాను.

5. అసలు సంగతి ఇది. రెండు శనివారాల క్రితం ఉమామహేశ్వరి వదిన పులిహోరకు పోపు వేసి, మూకుడు దించబోతుంటే ఎడమ చేతి కోటు అంచు మంటకు తగిలింది. కాటన్ అంటుకోదని నేను అనను. అంటుకుంటుంది. ఆ భయంతోనే మేము కొంగు బిగించి దోపుకుంటాం, చేతులు మోచేతుల పైకి ఉంచుకుంటాం. ఈ కోటు చెయ్యి పైకి మడవడానికి రాదు, మడిస్తే ఇస్త్రీ పోతుందని రూలు. అది మంటకు కరిగి, ముడుచుకుని, నల్లగా మైనంలాగా వదిన మణికట్టుకు అతుక్కుపోయింది. నీళ్ళు పోశాక కూడా వదలలేదు. అర్జంట్ కేర్ క్లినిక్‌లో తీశారు. దానితో పాటు చర్మమూ వచ్చింది. వదిన అరవలేదు, నా భుజం కొరికింది.

సదరు సంఘటన "ఫాబ్రిక్ డామేజ్" అను శీర్షిక కింద నమోదైనది. కోటుకు బదులు కొత్త కోటు మంజూరైనది. చేతి గురించి నమోదు లేదు.

తమతో వదిన ఇంట్లో అవెన్ తగిలిందని చెప్పింది. తీర్మానం మీద తమ సంతకం ఉంది, తెలిస్తే బాధపడతారని. అప్పటి నుంచి ఆ కట్టు తమరే మారుస్తున్నారు. మారుస్తూ "అవెన్ దగ్గర కాస్త చూసుకోవద్దూ" అని కోప్పడుతున్నారట. ఆవిడ తల ఊపుతోందట. ఇది ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను.

6. మరుసటి శనివారం నేను ఉతికిన కాటన్ చీర కట్టుకుని వంటశాలకు వెళ్ళాను. "పాలసీ అంటే పాలసీ ఆంటీ" అని ఫణి గారు నన్ను చెప్పుల స్టాండుకు మార్చారు. చెప్పులు సర్దడం తక్కువ పని అనను, అదీ సేవే. కానీ అక్కడి వాలంటీర్లకు కోటు లేదు. మెత్తని టీషర్టు ఇచ్చారు. చీటీ చూశాను, నూటికి నూరు శాతం కాటన్. ఇళ్ళు అమ్మిపెట్టే రియల్టరు ఒకాయన ఉచితంగా ఇచ్చాడట, వీపు మీద ఆయన ఫోటో, ఫోన్ నంబరు ఉన్నాయి. అయ్యా, మన ఆలయంలో కాలడానికి ఏమీ లేని చోట కాటన్ ఉన్నది, మంట ఉన్న చోట పాలిస్టర్ ఉన్నది. చీర మీద ఆ టీషర్టు తొడుక్కుని నిలబడితే ఇద్దరు భక్తులు వచ్చి, ఇప్పుడు ఇల్లు కొనవచ్చా, వడ్డీ తగ్గేదాకా ఆగాలా అని నన్ను అడిగారు. ఆగమన్నాను.

ఆ రోజు చక్కెర పొంగలి ఎవరు కలిపారో తెలియదు, అడుగంటిన వాసన చెప్పుల దాకా వచ్చింది. స్వామి ఏమీ అనరు. ఆయన ఎప్పుడూ ఏమీ అనరు, అందుకే కదా మనకు ఇంత ధైర్యం. నేను ఎవరివో పిల్లల బూట్లు చేతిలో పట్టుకుని ఏడ్చాను. ఈ దేశంలో నన్ను ఎవరూ ఏమీ చేయవద్దని అనలేదు, చేయమనీ అనలేదు. స్వామికి వండే ఆ రెండు మూడు గంటలే నేను ఫలానా అని నాకు తెలిసే సమయం. దానిని నలగని బట్ట కోసం పోగొట్టుకోలేను. ఇది ఆఫీసు భాషలో ఎలా రాయాలో నాకు తెలియలేదు.

7. పై కారణముల రీత్యా నేను కోరునది:

అ) ఈ శనివారం స్వామివారి కల్యాణానికి వంటశాలలో అందరూ ఉతికిన కాటన్ బట్టలతో వండుటకు అనుమతి. నలిగిననూ సరే. వంటశాలలోనికి ఫోటోగ్రాఫరు రాడు.

ఆ) శుక్రవారం మిల్లుకు పంపనున్న రెండో విడత కోట్ల బట్ట ఆర్డరును ఆపుట. తప్పనిసరి అయితే ముందు హాలు వారికి మాత్రమే తెప్పించుట. వారికి ఉన్ని ఎంత శాతమైననూ మాకు అభ్యంతరం లేదు.

ఇ) ఇకముందు వంటశాల బట్టను ఎంచుకునేటప్పుడు కుర్చీలో కూర్చుని కాక, పొయ్యి ముందు నిలబడి చూచుట.

ఈ) రికార్డులో "ఫాబ్రిక్ డామేజ్" అన్న మాట కొట్టివేసి, కాలినది మనిషి చెయ్యి అని రాయుట. ఆ మనిషి పేరు కూడా రాయుట.

ఇందులో ఎవరినీ నొప్పించాలని లేదు. ఫణి గారు మంచివారే, గుడి కోసం నిద్ర మానుకుని పనిచేస్తారు. ఆయన పట్టికలో ఒక్క వరుస తక్కువైంది.

తమరు ఇది చిత్తగించవలెను. చిత్తగించితినని ఊరుకొనక, శుక్రవారం లోపల ఒక మాట చెప్పించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
సుధ
వంటశాల సేవకురాలు (ప్రస్తుతం చెప్పుల స్టాండు)

తా.క. అన్నయ్య గారూ, ఇది మీ ఇంట్లోనే, మీ డైనింగ్ టేబుల్ మీదే రాశాను. వదిన పక్కనే కూర్చుని ప్రతి ముక్కా చదివింది. "అవెన్ సంగతి ఉంచు, చదివాక ఆయనే నా దగ్గరకు వస్తారు" అంది. శుక్రవారం లోపల మీ నుంచి ఏ మాటా రాకపోతే, శనివారం పొద్దున మేమందరం కాటన్ చీరలతోనే వస్తాం. తలుపు దగ్గర ఆపితే గొడవ పెట్టుకోం, నాకు గొంతు పెంచడం చేతకాదు. కోట్లన్నీ మడత పెట్టి మీ ఆఫీసు రూములో పెట్టి, హాలులో భక్తులతో పాటు కూర్చుని విష్ణు సహస్రనామం చదువుకుంటాం. వంట మీరూ, ఫణి గారూ చూసుకోండి. పొంగలికి నెయ్యి ఎంత పోయాలని అడిగాను వదినను, మీకు రాసి పెడదామని. "ఎంతో ఎందుకు, నలభై ఐదు శాతం పొయ్యమను, పాసవుతుంది" అంది.