పొయ్యి ఊదే గొట్టం

అవ్వా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ నొప్పులే నాకూ వచ్చాయి, దమ్ము అందడం లేదు. ఇవాళ మానుకోట దవాఖానలో ఊపిరితిత్తుల పరీక్షకని నా నోట్లో గొట్టం పెట్టారు. బూడిద లేవకుండా పొయ్యి ఊదడం నువ్వు నేర్పినట్టే, చిన్నచిన్నగా ఊదాను.

"గట్ల కాదక్కా, ఒక్కటే దమ్ముల ఊదు!" అని నర్సు కసిరింది. పక్కటెముకలు సలుపుతుంటే మూడోసారికి ఊదగలిగాను.

"ఊపిరితిత్తులు మంచిగున్నయమ్మా. గీ ఫైబ్రోమయాల్జియా అనే ఒళ్లునొప్పుల రోగంల ఛాతి కండరాలు నొచ్చి నిండ దమ్ము తీసుకోనియ్యవు. నీ బాధ నిజమే," అన్నాడు డాక్టరు.

నీ రిపోర్టులూ బాగున్నాయనే నిన్ను నమ్మలేదు. "దమ్ము ఆడుతలేదు బిడ్డా, జర పొయ్యి ఊదు," అని నువ్వు గొట్టం చాపితే, "నకరాలు చెయ్యకు," అన్నాను.

నువ్వే ఊదావు. ఆ అన్నం నేను తిన్నాను.