సోమవారం సంతకం

మార్చి 9, శుక్రవారం

చెల్లాయికి,

నువ్వు పిరికిదానివి. ఈ ముక్క ముందు రాసేస్తే గానీ క్షేమ సమాచారాలకు చెయ్యి కదల్లేదు. మీ వదిన మోకాలి నొప్పి తగ్గింది. నువ్వూ, బావగారూ, పిల్లా కులాసా అని తలుస్తాను.

సోమవారం పౌరసత్వం కాగితాల మీద సంతకం పెడుతున్నావనీ, నువ్వు పనిచేసే లాండ్రీలో నిన్ను పిలిచే ఆ రెండక్షరాల పేరునే ఖాయం చేసుకుంటున్నావనీ బావగారు ఫోన్లో చెప్పారు. ఒకసారి మారిస్తే ఇక వెనక్కి రాదట. అమ్మమ్మ పేరమ్మా అది! ఆవిడ పోయిన ఏడే నువ్వు పుడితే, అమ్మ ఏడుస్తూ పెట్టుకున్న పేరు.

ఈ దేశం వాళ్లకు నోరు తిరగదంటావా? ఇస్త్రీ యంత్రం మీది బొత్తాల పేర్లన్నీ వారంలో మనచేత బట్టీ పట్టించలేదూ? పన్నెండేళ్లలో నీ ఒక్క పేరు వాళ్ల నోట పట్టలేదా? ఇది నోటి ఇబ్బంది కాదు, పెత్తనం. మన తెలుగు సంఘం పత్రికలో వ్యాసం మీద వ్యాసంగా ఇదే రాశాను. చదివి, అన్నయ్యకేం, కూర్చుని రాస్తాడు, పేరున్న బ్యాడ్జీ తగిలించుకుని నిలబడేది నేను కదా అన్నావట. బడిలో అమ్మ పేరు అడిగితే నీ కూతురు ఆ రెండక్షరాలే చెబుతోందట. అసలు పేరేదంటే, అది అమ్మ పాత పేరులే అంటోందట. సిగ్గుగా లేదూ మనకి?

కోపంతోనే,
నీ అన్నయ్య

తా.క. పైదంతా చింపేద్దామనుకున్నాను. చింపితే ఇది రాసే ధైర్యం మిగలదు.

నిన్ను లాండ్రీ పనిలో చేర్చిన రోజు నీకు ఇక్కడి భాష రాదు, మాటలు అటూ ఇటూ చెబుతూ నేనే మధ్యన నిలబడ్డాను. పేరు మార్చుకుంటేనే పని ఇస్తానని సూపర్‌వైజరమ్మ అన్నట్టు నీకు చెప్పాను. అబద్ధం. ఆవిడ పెన్ను పట్టుకుని, ఇంకోసారి నెమ్మదిగా చెప్పమనండి, సరిగ్గా రాసుకుంటాను అంది. నువ్వు చెప్పబోతుంటే వెనక వరసలో ఎవడో కిసుక్కున నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకులెండి, పొట్టిగా ఇలా రాసేయండి అని ఆ రెండక్షరాలూ నేనే చెప్పాను. వ్యాసాలన్నీ ఆ తర్వాత రాసినవే.

నేను కోరేవి ఇవి:

సోమవారం ఏ పేరు రాయాలో నువ్వే తేల్చుకో. నా వ్యాసాలు లెక్కలోకి తీసుకోకు.

ఈ తా.క. నీ కూతురికి చదివి వినిపించు.

పన్నెండేళ్లుగా ఆ సూపర్‌వైజరమ్మ పలకరిస్తే ముఖం తిప్పుకుంటున్నావు. ఇక తిప్పుకోకు. ఆ కోపం నాకు రావలసింది, నాకే పంపు.