కాయ కట్టని పొదలు

ఖమ్మం, మార్చి

ప్రియమైన తుల్సీరాం,

మీ అడవి మొక్కల సర్వే క్యాంపులో ఫోను పలకదు కాబట్టి, మొక్కలు ఆరబెట్టడానికి నువ్వడిగిన అట్టలతోపాటు ఈ ఉత్తరాన్నీ బస్సు కార్గోలో వేస్తున్నా. పెళ్ళయ్యాక నీకు రాస్తున్న మొదటి ఉత్తరం. అక్షరాలు చూసి నవ్వకు.

తల్లాడ దగ్గర నెమలిగుట్ట మీద చూశానని నీకు చెప్పిన పొద కొత్త జాతే! ఆకంతా రాలిన ఎండలో కొమ్మకొక్క పసుపు పువ్వు. కాలేజీ హెర్బేరియంలో ఆరబెట్టి దాచిన మొక్కలన్నీ తిరగేశా, ఇలాంటిది లేదు. ఒక్కటే బాధ. పూస్తుంది, కాయదు. కాయ చూడకుండా కొత్త జాతి వర్ణన పూర్తి కాదు కదా. అవతల గ్రానైట్ క్వారీకి గుట్ట కావాలట. లోకంలో ఇక్కడ మాత్రమే బతికే మొక్క ఉందని చూపిస్తే గుట్ట దక్కుతుంది. అదే నా ఆశ.

వేళకి తిను.

నీ హైమ

*

దుమ్ముగూడెం అడవి, ఏప్రిల్

లెక్చరర్ హైమమ్మగారికి,

నీకు దొరికితే నాకు దొరకదా? గోదావరి ఇవతల నాకూ ఓ కొత్త పొద దొరికింది. అదే పసుపు, కానీ పూలు గుత్తులు గుత్తులు. నీదానికి చెల్లెలి వరస అవుతుంది. ఇదీ కాయడం లేదు, ఎండలకి పిందె నిలవడం లేదేమో. ముందు అచ్చయిన పేరే నిలుస్తుందని నీకు తెలుసు, అందుకే వర్ణన రాసి వృక్షశాస్త్ర పత్రికకి పంపేశా కూడా.

తడిగుడ్డలో చుట్టి పూలకొమ్మలు పంపుతున్నా. మా డ్రైవర్ వెంకన్న ఊరుకోలేదు. "సార్, మంది పెండ్లాలకు మల్లెపూలు పంపుతరు, మీరేంది గీ ముళ్ళకంప పంపుతున్నరు?" అన్నాడు. ఆమెకి ఇవే ఇష్టమని చెప్పా. నిజమేగా?

నీ తుల్సీరాం

*

ఖమ్మం, ఏప్రిల్

తుల్సీ,

మల్లెపూలు కూడా ఇష్టమే, వెంకన్నకి చెప్పు.

కొమ్మలు వాడకుండా చేరాయి. లెన్సు కింద పెట్టి చూశాక తిన్నగా గుట్టెక్కి ఓ పిచ్చిపని చేశా. ఏమిటని ఇప్పుడే అడగకు. నీ వర్ణన ఎప్పుడు అచ్చవుతుందో మాత్రం వెంటనే రాయి.

హైమ

*

ఖమ్మం, జూన్

ప్రియమైన తుల్సీ,

కాయ కట్టింది!

నీ పువ్వులో అండాశయం పేరుకే ఉంది, ఎండిన మొటిమంత. నా పువ్వులో కేసరాలున్నాయి గానీ పుప్పొడి లేదు, ఉత్త సంచులు. అనుమానమొచ్చి ఆ రోజు నువ్వు పంపిన కొమ్మల పుప్పొడి గుట్ట మీదికి తెచ్చి నా పూలకి రుద్దా, నేను చేసిన పిచ్చిపని అదే. రుద్దినవన్నీ కాశాయి, గింజలు గట్టిగా ఉన్నాయి. నీది మగది, నాది ఆడది. రెండు జాతులు కావు, ఒక్కటే.

ఒకటి చెప్పాలి. ఒకటే జాతి అయితే అది మీ దగ్గరా ఉన్నట్టే. ఇక్కడ మాత్రమే ఉందన్న నా మాట పోతుంది, గుట్టా పోతుంది. కాయలు తెంపి పారేస్తే ఎవరికీ తెలియదనిపించింది. చెయ్యి కొమ్మ దాకా పోయింది కూడా. మనసొప్పలేదు. ఏడుస్తూ దిగొచ్చా.

మీ వైపు ఎక్కడైనా కాయ ఉందేమో చూడు.

హైమ

*

దుమ్ముగూడెం అడవి, జూలై

నా హైమకి,

వానలో తడుస్తూ ఇక్కడి గుట్టలన్నీ గాలించా. వెంకన్న నన్ను తిట్టని తిట్టు లేదు. కాయ కాదు కదా, పాత కాయ డొల్ల కూడా లేదు. అన్నీ మగవే. వేళ్ళ నుంచి పిలకలేసి ఒకే పొద ఇంత మేర పాకింది. నీ గుట్ట మీదా అంతే అయ్యుంటుంది, అక్కడ ఆడది.

నువ్వు దిగులుపడ్డది తిరగేసి చూడు పిచ్చిదానా. మనకి తెలిసినంతలో ఈ జాతికి గింజ పుట్టే చోటు నీ గుట్ట ఒక్కటే. దాన్ని రాళ్ళకోసం తవ్వేస్తే ఇక్కడ ఎంత పూసినా ఆ వంశం అంతటితో సరి.

పత్రిక నుంచి నా వర్ణన వెనక్కి తీసుకున్నా. ఇద్దరం కలిసి మళ్ళీ రాద్దాం. నెమలిగుట్ట పేరే పెడదాం.

క్వారీకి అనుమతి ఇవ్వాలా వద్దా అని జరిగే విచారణకి నేనూ వస్తున్నా. నువ్వే మాట్లాడాలి. నీ కాయల పక్కన నా ఎండుపూల గుత్తి పట్టుకుని నిలబడతా. అధికారులు నన్నడిగితే ఒక్కటే చెప్తా: "మావన్నీ ఉత్త పూలు సార్, గింజ ఆమె గుట్టలోనే ఉంది."

నీ తుల్సీరాం