ముత్తయ్య జేబులోని గోళీ

బావా,

బాగున్నావా? నువ్వు పోయి నిన్నటికి ఏడాది. సంవత్సరీకం అయిపోయింది, చుట్టాలంతా పొద్దున బస్సుకే వెళ్లిపోయారు. ఇల్లు ఊడ్చుకుని ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను, తిట్టుకోకు. నాగమణిని చూస్తే నాకు కుళ్లుగా ఉంది. ఆమె మొగుడు ముత్తయ్య అన్న బతికి ఉన్నందుకు కాదులే... అబద్ధమెందుకు, అందుకే.

మీ ఇద్దరివీ పక్కపక్క చేలు, ఒకటే బీడీ కట్ట. ఇద్దరికీ బీపీ ఉందని దవాఖానాలో ఒకే రోజు చెప్పి గోళీలు ఇచ్చారు. నెల తిరగకుండానే నువ్వు మానేశావు. "తల తిరుగుడు తగ్గింది గదా, ఇంకేం గోళీ" అన్నావు. తగ్గింది ఆ గోళీతోనే అని ఎన్నిసార్లు మొత్తుకున్నాను? కూరలో ఉప్పు తగ్గిస్తే "గిదేం కూర, దవాఖానాల కెల్లి తెచ్చినవా" అని మామిడికాయ తొక్కు దగ్గరికి లాక్కునేవాడివి.

మిరపకాయలు కోస్తూ కోస్తూ ఛాతీ పట్టుకుని కూర్చున్న రోజు కూడా "గ్యాస్ పట్టినట్టుంది, సోడా తేపియ్" అన్నావు. తెప్పించాను. అది తాగి గట్టు మీద పడుకున్నావు, మళ్లీ లేవలేదు. ఆ కాసేపట్లో నిన్ను ఆటో ఎక్కించి ఉంటే కొత్తగూడెం దవాఖానాకు చేరేవాళ్లమా... ఎవరిని అడగను?

నిన్ను చూసి ముత్తయ్య అన్న భయపడ్డాడు. బీడీ మానేశాడు. రోజూ గోళీ వేసుకుంటాడు. తెల్లారితే బూట్లు తొడుక్కుని టేకులపల్లి రోడ్డు మీద నడక. మన వాకిలి ముందు నుంచే పోతాడు. పొట్ట కూడా తగ్గింది. ఆయనకు వేరే గిన్నెలో చప్పిడి కూర వండలేక చస్తున్నానని నాగమణి నా దగ్గరే చెప్పుకుంటుంది. ఆ గిన్నె కోసం నా కడుపు ఎంత మండుతుందో ఆమెకు తెలుసా? పోయింది నువ్వు, బుద్ధొచ్చింది ఆయనకు, పసుపు కుంకుమ మిగిలింది ఆమెకు.

నిన్న నీ సమాధి దగ్గర విస్తరి వేశాం. నీకు ఇష్టమని మీ అక్క ఎండు చేపలు వేయించింది, తొక్కు పెట్టింది. ముత్తయ్య అన్న సంచిలోంచి బీడీ కట్ట తీశాడు. తను మానేసి నీకు తెచ్చాడు బావా... నాకు ఒళ్లు మండిపోయింది. అందరూ చూస్తుండగా ఆ కట్ట లాక్కుని సాంబ్రాణి నిప్పుల్లో పడేశాను.

ఆ వాసన లేచింది. నీ చొక్కా వాసన. ఏడుపు ఆగలేదు.

కాసేపటికి తేరుకుని, ఆయన రోజూ వేసుకునే గోళీ ఒకటి ఇమ్మని అడిగాను. చొక్కా జేబులోంచి తీసి ఇచ్చాడు. దాన్ని విస్తరి మధ్యలో పెట్టి, అందరం దూరంగా జరిగాం. కాకి వచ్చింది. చేప తీసుకుంది, తొక్కు కెలికింది. గోళీని ముక్కుతో పక్కకు నెట్టి ఎగిరిపోయింది.

అక్కడికి పోయినా నువ్వు మారలేదన్నమాట.

నాకూ బీపీ ఉందని మొన్ననే చెప్పారు. నేను మాత్రం వేసుకుంటాను. రేపటి నుంచి నేనూ ఆ రోడ్డు మీద నడుస్తాను, నాగమణి చూస్తే చూడనీ. నీ దగ్గరికి జల్దీ రాను బావా. నువ్వే కొన్నాళ్లు నా కోసం ఎదురుచూడు.

నీ మీద కోపం తీరని,
మంగ