అవ్వ రవికె మీద ఆల్చిప్పలు

మార్చి 3

విశాఖ నుంచి మా తండాకు వచ్చాను. గార్లలో బస్సు దిగేసరికి ఒళ్లు హూనమైంది. సంచిలో బట్టల కంటే డబ్బాకే ఎక్కువ చోటు. రెండు వందల పన్నెండు డోనాక్స్ ఆల్చిప్పలు, ఒక్కోటి గోరంత. మూడేళ్లు నడుం వంచి ఇసుకలో ఏరినవి. ప్రతిదానికీ ఒక సన్నని రంధ్రం. సముద్రపు నత్త చిప్పకు రంధ్రం చేసి లోపలి ప్రాణిని తినేస్తుంది. ఆ రంధ్రాలే నా థీసిస్. ప్రతి చిప్ప లోపల ఇంకుతో నంబర్ వేశాను. అది లేకపోతే ఏది ఎక్కడ దొరికిందో నేనూ చెప్పలేను. 20న సబ్మిషన్.

సక్రి అవ్వకు కడుపులో గడ్డ. పెద్ద దవాఖానలో ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారట.

మార్చి 5

అవ్వ డబ్బా తెరిపించింది. గింత మంచిగ పొక్కలు ఎవలు వెట్టిన్రు బిడ్డా అని అడిగింది. నత్త తిన్నదని చెప్పాను. నవ్వింది. నమ్మలేదు.

మార్చి 8

థీసిస్ బైండింగ్ కోసం రెండు రోజులు మానుకోటలో ఉన్నాను. తిరిగొచ్చేసరికి డబ్బా ఖాళీ.

అవ్వ ఒళ్లో తన పెళ్లినాటి రవికె. దాని గవ్వలు ఎప్పుడో ఊడిపోయాయి. పోయేనాడు ఆ రవికెతోనే పంపాలని ఆమె కోరిక. ఊడిన చోటల్లా నా చిప్పలు కుట్టేసింది. నా కోసమే గదా సముద్రం కాడికి పోయినవ్, లేకుంటే పొక్కలున్నయే ఎందుకు ఏరుకొస్తవ్ అంది.

అరిచాను. పుట్టి బుద్ధెరిగాక అవ్వ మీద అరవడం ఇదే మొదలు.

మార్చి 9

స్పెసిమెన్లు లేకుండా రావద్దని గైడ్ ఫోన్‌లో చెప్పేశారు. అమ్మేమో, పానం పోయినంక ఇప్పుదాం, గప్పుడు సూస్తదా అంది. నేను ఆగలేదు. బ్లేడు తీసుకుని అవ్వ ముందే కూర్చున్నాను. నేను దారాలు తెంపుతుంటే గుడ్డ జారకుండా అవ్వే పట్టుకుంది.

సాయంత్రం 5

అన్నీ విప్పాను. తిప్పి చూస్తే ఒక్కదానికీ నంబర్ లేదు. కుట్టే ముందు అవ్వ చింతపండు పెట్టి తోమిందట, ఇత్తడి చెంబుల్లాగా. కొలతల పుస్తకం ఉంది. ఏ కొలత ఏ చిప్పదో తెలిసే దారి లేదు. మూడేళ్లూ పోయాయి.

విప్పే ముందే ఒక్కదాన్ని తిప్పి చూసి ఉంటే ఆ రవికెను ముట్టుకునేదాన్నే కాదు.

మార్చి 10

మళ్లీ కుట్టడం మొదలుపెట్టాను. నాకు సూది పని రాదు. అవ్వా, చూడు అన్నాను. కళ్లు తెరిచే ఉన్నాయి. చూడలేదు.

మార్చి 11

పొద్దున ఆరింటికి పోయింది. అప్పటికి నలభై ఒకటి కుట్టాను. ఇక ఆగేది లేదని పెద్దలు తొందరపెట్టారు. ముప్పావు వంతు బోడి రవికెతోనే పంపాం.

మార్చి 13

చితి బూడిద మీద నీళ్లు చల్లితే ఒకచోట సుయ్‌మని పొంగింది. చిప్పలు కాలిన సున్నం.

ఇంటికొచ్చి డబ్బా తీశాను. నూట డెబ్బై ఒకటి. తళతళలాడుతున్నాయి.