మల్లికి పసుపు నీళ్లు

గురువారం, రాత్రి

తెల్లగా ఉందని మల్లి అని పేరు పెట్టుకున్న కుక్క ఇప్పుడు చామంతి పువ్వులా ఉంది. నెలకొకసారి స్నానం చాలు, మధ్యలో రోజూ దువ్వి, తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టమని కుక్కల డాక్టరమ్మ చెప్పింది. పాదాలు, పొట్ట కింద, చెవుల వెనక అలాగే తుడుస్తున్నాను. నేను వంటింట్లోకి వెళ్లగానే అత్తమ్మ దాని మీద చెంబుడు పసుపు నీళ్లు పోస్తుంది. వీధిలో తిరిగొచ్చిన మైల పోవాలంట! ఆ తడి ఆరక పొట్ట కింద ఎర్రగా పుండు పడింది.

సాయంత్రం అది గోక్కుంటుంటే ఈయన నా మీదే లేచారు. "ఒక్క కుక్కను శుభ్రంగా పెట్టుకోలేవా?"

"గజ్జి పట్టినట్టుండాది అప్పా. హొసకోటెలో చిన్నాయన తోటలో కట్టేసి రా" అంది అత్తమ్మ.

ఈయన సరేనన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మీరు రోజూ పసుపు నీళ్లు పోయబట్టే పుండు పడింది అత్తమ్మా. పోయొద్దండీ" అనేశాను.

"పసుపుకు యాడన్నా పుండు పడతాదా? అబ్బో, నోరుండాదే నీకు!"

ఈయన నవ్వారు. "కుంకుమ కూడా పెట్టమ్మా దానికి! సరే, ఆదివారం దాకా చూద్దాం. తగ్గకపోతే తోటకే."

రేపు శుక్రవారం. అత్తమ్మ ఇల్లంతా పసుపు నీళ్లు చల్లుతుంది. ఆమె మల్లి వైపు చెంబు ఎత్తితే నేను మళ్లీ వద్దనాలి. ఇవాళంటే కోపంలో నోరు లేచింది. పొద్దున్నే, ఏ కోపమూ లేకుండా, ఆ మాట ఎలా అనాలో...